రేకు పిలుస్తుంది, ఎర నమ్మిస్తుంది

గాలానికి ఎర గుచ్చి నీటిలో వదలి, బెండు మునిగేదాక గట్టున కూర్చోవడం మన చెరువుల దగ్గర అందరూ ఎరిగిన పద్ధతి. ఇందులో ఎర ఉన్నచోటనే ఉంటుంది. చేప వెదుక్కుంటూ రావాలి. చెరువు చిన్నదైతే వస్తుంది. కాని అమెరికా, కెనడా దేశాల నడుమ ఉన్న ఈరీ సరస్సు వైశాల్యం సుమారు 25,700 చదరపు కిలోమీటర్లు. అంత నీటిలో ఎక్కడో ఒకచోట ఒక వానపాము వ్రేలాడుతున్నదన్న వార్త చేపకు చేరేదెట్లా? ఆ వార్తను చేరవేయడానికి అక్కడివారు గాలానికి ముందు గిరగిర తిరిగే ఒక చిన్న లోహపు రేకును కట్టి, పడవ వెనుక మెల్లగా లాగుతూ పోతారు.

రేకు ఒకటి, పూసలు అయిదారు, గాలాలు రెండు, ఒకటి రెండు మీటర్ల నైలాను దారం. సరంజామా అంతా ఇంతే. దీనిని స్పిన్నర్ అంటారు. ఇది దుకాణాలలో కట్టి సిద్ధంగా దొరుకుతుంది. అయినా సరస్సులు గడ్డకట్టే చలికాలంలో ఇంటిలో కూర్చుని, రానున్న వేసవికి కావలసినవన్నీ తామే కట్టుకునేవారు ఎందరో ఉన్నారు. ఇది కేవలం పిసినారితనం కాదు. రాళ్ళకు, నాచుకు తగులుకొని పోయే వస్తువు గనుక చవకగా ఉండాలన్నది నిజమే. అంతకంటె ముఖ్యం, దారం ఎంత పొడవుండాలి, రేకు ఏ ఆకారంలో ఉండాలి, గాలాల నడుమ ఎంత ఎడముండాలి అన్నవి ఆ నీటికి, ఆ ఎరకు తగినట్లు కట్టేవాడే నిర్ణయించుకోవచ్చు. ఆ నిర్ణయాలు సరిగా ఉండాలంటే చేప లోకాన్ని ఎట్లా తెలుసుకుంటుందో కొంచెం తెలియాలి.

చేపను లోహపు తళుకుతో మోసగించడం పాత విద్యే. అమెరికాలో దీనికి తొలినాటి పేటెంటులలో ఒకదానిని 1852లో జూలియో బ్యూయెల్ అనే అతడు పొందాడు. ఇతడు న్యూయార్క్ రాష్ట్రంలోని వైట్‌హాల్ ఊరివాడు. పడవలో భోజనం చేస్తూండగా చేతిలోని చెంచా జారి నీటిలో పడిందనీ, అది మెరుస్తూ మునుగుతూండగా ఒక పెద్ద చేప వచ్చి అందుకున్నదనీ, అప్పుడే అతనికి ఈ ఊహ తట్టిందనీ కథ చెబుతారు. కథలోని నిజానిజాలు ఎట్లా ఉన్నా, చెంచా గిన్నెకు, ఈనాటి స్పిన్నర్ రేకుకు పోలిక మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. రెండింటికీ ఒక ప్రక్క గుంట, ఒక ప్రక్క ఉబ్బు. చెంచాకు లేనిది ఒక్కటే: రేకు కొసన ఉండే చిన్న బెజ్జం.

ఈ సాధనంతో ఎక్కువగా పట్టేది వాల్‌ఐ అనే చేపను. శాస్త్రీయ నామం శాండర్ విట్రియస్. విట్రియస్ అంటే లాటిను భాషలో గాజువంటిది అని అర్థం. ఆ పేరు దాని కంటిని చూసి పెట్టినదే. రాత్రివేళ లాంతరు వెలుగు పడితే పిల్లి కండ్లు, ఆవు కండ్లు మెరవడం అందరూ చూసినదే. వాల్‌ఐ కన్ను కూడ అట్లాగే మెరుస్తుంది. కంటి వెనుక భాగంలో కాంతిని అద్దంవలె వెనుకకు త్రిప్పిపంపే పొర ఒకటి ఉండడమే దీనికి కారణం. ఒకసారి పటలంలో చిక్కకుండా దాటిపోయిన కాంతికి ఈ పొర మరొక అవకాశం ఇస్తుంది. అందువల్ల మునిమాపు వేళ, అలలు లేచి నీరు మసకబారినప్పుడు, ఈ చేప తన ఆహారంకంటె బాగా చూడగలుగుతుంది. అది తినే పసుపు పెర్చ్ చేపకు ఇటువంటి పొర లేదు. వెలుగు తగ్గే ఆ గంటలో ఒకటి చూస్తుంది, మరొకటి తడుముకుంటుంది. గాలపువారు సాయంత్రానికై కాచుకొని కూర్చోవడంలో ఉన్న కిటుకు ఇదే.

వాల్‌ఐ కంటిలో రంగులను గుర్తించే శంకుకణాలు ముఖ్యంగా రెండు విధాలు. ఒకటి నారింజ-ఎరుపు కాంతికి, రెండవది ఆకుపచ్చ కాంతికి స్పందిస్తాయి. ఇంతమాత్రం తెలియగానే రేకులకు నారింజరంగు పూయడం మొదలుపెట్టడానికి వీలులేదు. నీరు స్వచ్ఛంగా ఉన్నా సరే, ఎరుపు కిరణాలను పైన కొద్ది మీటర్లలోనే చాలావరకు పీల్చివేస్తుంది. పైన నిప్పులా కనిపించిన రేకు లోతుకు పోయేసరికి నల్లబడుతుంది. మట్టి, నాచు కలిసిన నీటిలో పసుపు-ఆకుపచ్చ కాంతి తక్కినవాటికంటె లోతుకు పోతుంది. అందువల్ల తేటనీటిలో వెండి మెరుపు, కలకనీటిలో ఇత్తడి, రాగి మెరుపులు లేదా నిమ్మపండు రంగు మేలని అనుభవజ్ఞులు చెప్పేదానిలో కొంత యుక్తి ఉన్నది. అయితే దుకాణాలలో దొరికే పులిచారలు, చుక్కలు, ఇంద్రధనుస్సులు అన్నీ చేప కోసమే పుట్టినవనుకోనక్కరలేదు. వాటిలో సగం కొనేవాని కండ్లను పట్టడానికి వేసిన గాలాలు.

చేపకు కంటితోబాటు మనకు లేని మరొక ఇంద్రియం ఉన్నది. చాలా చేపలను ప్రక్కనుంచి చూస్తే మొప్ప దగ్గరనుంచి తోకదాక సన్నని గీత ఒకటి కనిపిస్తుంది. దీనిని పార్శ్వరేఖ అంటారు. ఈ గీత పొడవునా చర్మం క్రింద చిన్న కాలువ, ఆ కాలువలో వరుసగా సూక్ష్మమైన గ్రాహకాలు ఉంటాయి. ఒక్కొక్క గ్రాహకంలో కేశాలవంటి కొసలు గల కణాలు, వాటిమీద జిగురుపదార్థపు టోపీ ఉంటాయి. నీరు ఏమాత్రం కదిలినా ఆ టోపీ వంగుతుంది, కేశాలు వంగుతాయి, నాడి మెదడుకు కబురు పంపుతుంది. ఈ ఇంద్రియాన్ని జీవితకాలం పరిశోధించిన డచ్చి శాస్త్రవేత్త స్వెన్ డైక్‌గ్రాఫ్ దీనిని దూరంనుంచి తాకిచూడడంగా వివరించాడు. దూరమంటే ఎంతో కాదు. సుమారు చేప పొడవుకు ఒకటి రెండింతలు. అంతకు మించిన దూరాన ఉన్నదానిని చెవి, కన్ను పట్టుకోవాలి. చేపకు బయటికి కనిపించే చెవులు లేకపోయినా లోపలి చెవి ఉన్నది. మంద్రమైన శబ్దాలను అది గ్రహిస్తుంది.

ఇక వాసన, రుచి. వానపాము శరీరంనుంచి ఎమినో ఆమ్లాలు మొదలైనవి నీటిలోకి ఊరుతూ ఉంటాయి. చేప నాసికలు, పెదవులమీద, నోటిలోపల ఉన్న రుచిమొగ్గలు వీటిని గుర్తిస్తాయి. కాని వాసన నీటిలో వ్యాపించడానికి సమయం పడుతుంది; కదిలిపోతున్న పడవ వెనుక ఆ సమయం ఉండదు. కాబట్టి దూరాన తళుకు, మంద్రధ్వని. దగ్గరకు వచ్చాక నీటి కదలిక. నోటికి అందినప్పుడు రుచి. ఈ వరుసలోనే చేపకు ఎర తెలుస్తుంది. రేకు మొదటి పనులు చేస్తుంది. చివరి పని రేకు చేయలేదు. ఒట్టి లోహాన్ని నోట పట్టిన చేప దానిని వెంటనే ఉమ్మివేయవచ్చు. మెత్తగా, రుచిగా ఉన్న వానపామునైతే ఇంకొంచెం లోపలికి తీసుకుంటుంది. రేకు పిలుస్తుంది, ఎర నమ్మిస్తుంది. రెండూ ఒకే దారంమీద ఉండడం ఇందువల్లనే.

రేకు ఎందుకు తిరుగుతుంది? తాటాకుతో గాలిమర చేసుకొని పరుగెత్తే పిల్లవాడు గాలికి ఎదురుపోతే ఆకు తిరుగుతుంది. ఇక్కడ గాలి బదులు నీరు. రేకును నేరుగా దారానికి కట్టరు. గుర్రపులాడంవలె వంచిన చిన్న లోహపు ముక్క ఒకటి ఉంటుంది. దానిని క్లెవిస్ అంటారు. లాడం రెండు కొసలలో బెజ్జాలుంటాయి, వాటిగుండా దారం పోతుంది. రేకు ఆ లాడం వంపులో వ్రేలాడుతుంది. ముందుకు లాగినప్పుడు రేకు గుంటలో చిక్కిన నీరు ఒక అంచునుంచి ప్రక్కకు మళ్ళుతుంది, ఆ ఎదురుదెబ్బకు రేకు రెండవ ప్రక్కకు తోసుకొని పోతుంది. లాడంతో సహా దారం చుట్టూ తిరగడం మొదలవుతుంది. వంపుమీది వత్తిడి రేకును బయటికి తెరుస్తుంది. ప్రవాహపు ఈడ్పు దానిని దారంమీదికి పడుకోబెట్టాలని చూస్తుంది. ఈ రెండూ సరితూగినచోట రేకు నిలిచి తిరుగుతుంది.

ఆ తూకాన్ని నిర్ణయించేది రేకు ఆకారం. కొలరాడో అనే రకం ఇంచుమించు గుండ్రంగా, లోతైన గుంటతో ఉంటుంది. ఇది దారానికి బాగా ఎడంగా తెరచుకొని, మెల్లగా తిరుగుతూ, ఒక్కొక్క చుట్టుకూ నీటిని గట్టిగా తట్టుతుంది. పార్శ్వరేఖకు, లోపలి చెవికి ఇది మంచి కబురు. విల్లో రకం పేరుకు తగినట్లు ఆకులా సన్నగా, పొడుగుగా ఉంటుంది. ఇది దారానికి దగ్గరగా, చాలా వేగంగా తిరుగుతుంది. తట్టడం తక్కువ, తళుకు ఎక్కువ. ఇండియానా రకం ఈ రెండింటికీ నడుమ. కలకనీటిలో, చీకటివేళ, మెల్లగా పోయేటప్పుడు కొలరాడో; తేటనీటిలో, వేగంగా పోయేటప్పుడు విల్లో అనడం ఒట్టి సంప్రదాయం కాదని దీనినిబట్టి తెలుస్తుంది. వాల్‌ఐకి సాధారణంగా 3 నుంచి 5 వరకు నంబరు గల రేకులు వాడతారు.

కట్టడం వెనుకనుంచి ముందుకు సాగుతుంది. సుమారు రెండు మీటర్ల దారం తెంచి, కొసన మొదటి గాలం కట్టాలి. దానికి ఎనిమిది పది సెంటీమీటర్ల ముందు అదే దారంమీద రెండవ గాలం. ఈ ఎడం వానపాము పొడవునుబట్టి ఉంటుంది. ఆ తరువాత పూసలు, పూసలకు ముందు లాడంతో రేకు, చివరకు దారపు రెండవ కొసన ఉచ్చు. కొత్తవారు తరచు చేసే పొరపాటు రేకును వెనుకాముందు చేయడం. గుంట ఉన్న ప్రక్క గాలాలవైపు, దారంవైపు ఉండాలి. లాడంలో ఒక బెజ్జం దూర్చి, రేకు తగిలించి, తరువాత రెండవ బెజ్జంలో దారం దూర్చేటప్పుడే దీనిని చూసుకోవాలి.

ఇక్కడ గాలానికి వేసే ముడి కొంచెం విశేషమైనది. దారాన్ని గాలపు కంటికి మాత్రమే ముడివేస్తే లాగినప్పుడు గాలం ప్రక్కకు వాలుతుంది. అందువల్ల దారాన్ని కంటిలోనుంచి తీసుకొని గాలపు కాడ వెంబడి పరచి, దానిమీదుగా కాడచుట్టూ ఆరు నుంచి ఎనిమిది చుట్లు దగ్గర దగ్గరగా చుట్టి, మిగిలిన కొసను ఆ చుట్ల క్రిందుగానే బిగిస్తారు. దీనిని స్నెల్ ముడి అంటారు. గాలాలకు కన్ను లేని రోజులలో దారం కట్టడానికి ఉన్న మార్గం ఇటువంటిదే. ఇప్పుడు లాగుడు కాడ వెంబడి నిటారుగా పడుతుంది, గాలపు మొన వంకరపోదు.

ఈ ముడికి బలం ఎక్కడిది? ముడిలోనే ఉన్నదనుకుంటాము, కాని బలమంతా చుట్లది. పలుపును గుంజకు రెండు మెలికలు వేసి కొసను చిన్నపిల్లవాడు పట్టుకున్నా ఎద్దు తెంపుకొని పోలేదు. చుట్టుకొక్కసారి ఘర్షణ కూడదు, గుణించుకుంటూ పోతుంది. 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణితవేత్త దీనికి సూత్రం ఇచ్చాడు. ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే ఒక చుట్టు పట్టును సుమారు మూడున్నర రెట్లు చేస్తుంది, రెండు చుట్లు పన్నెండు రెట్లు, మూడు చుట్లు నలభై రెట్లకు మించి. ఆరు చుట్లు వేసినవాడు భయపడవలసిన పని లేదు. భయపడవలసినది బిగించే క్షణంలోనే. పొడిగా ఉన్న నైలానును ఒక్కసారిగా లాగితే అదే ఘర్షణ వేడి పుట్టించి దారాన్ని బలహీనపరుస్తుంది. అందుకనే ముడిని నీటితోనో ఉమ్మితోనో తడిపి, మెల్లగా బిగిస్తారు.

పూసలు అలంకారమని చాలామంది అనుకుంటారు. అవి మెరుస్తాయన్నది నిజమే కాని వాటి అసలు పని బండి ఇరుసుకు బేరింగు చేసే పనివంటిది. తిరిగే లాడం నున్నని గుండ్రటి పూసకు ఒరుసుకుంటే సులువుగా తిరుగుతుంది. ముడికి ఒరుసుకుంటే ఆగిపోతుంది, ముడినీ కోస్తుంది. రెండవ పని ఎడం ఇవ్వడం. రేకు వెనుకకు వాలినప్పుడు దాని కొస ముందరి గాలాన్ని తట్టకూడదు. అయిదారు మిల్లీమీటర్ల పూసలు ఎన్ని కావాలో లెక్క అడిగేవారికి ఇదే కొలత: పూసల వరుసను రేకు ప్రక్కన పెట్టి చూడాలి, గాలం కన్ను రేకు కొసకు అవతల ఉండాలి.

ఎర గుచ్చడంలో ఓపిక కావాలి. ముందరి గాలాన్ని వానపాము తలలో కొసదగ్గర గుచ్చి, శరీరాన్ని నిటారుగా చాచి, వెనుకటి గాలాన్ని నడుము దగ్గర గుచ్చాలి. తోక స్వేచ్ఛగా ఆడుతూండాలి. రెండు గాలాల నడుమ శరీరం వదులై కుప్పపడితే వానపామే మరరెక్కవలె తిరగడం మొదలుపెట్టి దారాన్ని పురిపెడుతుంది. రేకు తిరగాలి, ఎర తిరగకూడదు. దీనికి రక్షణగా ఉచ్చు దగ్గర స్వివెల్ అనే తిరుగుడు కీలు కూడ కడతారు.

ఇంత తేలిక వస్తువు తనంత తాను అడుగుకు పోదు. అందువల్ల దానికి ముందు సీసపు గుండు గల వంపు తీగను కట్టి అడుగు వెంబడి నడిపిస్తారు. ప్రతి 10 అడుగుల లోతుకు ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల బరువు అన్నది వాడుకలో ఉన్న లెక్క. పడవ వేగం గంటకు 1.6 నుంచి 2.4 కిలోమీటర్లు, మనిషి తీరికగా నడిచే వేగంలో ఇది సగం మాత్రమే. దారాన్ని దూరం వదిలేముందు పడవ ప్రక్కనే నీటిలో ముంచి రేకు తిరుగుతున్నదా లేదా చూసుకోవడం తెలివైన పని. పడవ మలుపు తిరిగినప్పుడు లోపలి ప్రక్కనున్న గాలం వేగం తగ్గుతుంది, వెలుపలి ప్రక్కది పెరుగుతుంది. చేప ఏ ప్రక్క గాలానికి పడిందో గమనిస్తే ఆనాడు చేపకు నచ్చిన వేగమేదో సరస్సే చెబుతుంది. దీనికంటె చవకైన ప్రయోగశాల ఉండబోదు. పని ముగిశాక ఈ దారాలు చిక్కుపడకుండా, నురుగు రబ్బరు గొట్టానికి చుట్టి గాలాలను దానిలోనే గుచ్చి దాచుకుంటారు.

గొట్టానికి చుట్టి దాచలేనిది ఎర ఒక్కటే. అక్కడ వాడే పెద్ద వానపాము పేరు నైట్‌క్రాలర్, అంటే రాత్రి ప్రాకేది. కెనడాలోని దక్షిణ ఒంటారియో పచ్చికబయళ్ళలో చీకటివేళ తలదీపాలు కట్టుకొని కూలీలు వీటిని ఏరుతారు. వారి ఒక కాలికి వానపాముల డబ్బా, రెండవ కాలికి వ్రేళ్ళు జారకుండా అద్దుకోవడానికి రంపపుపొట్టు డబ్బా కట్టి ఉంటాయి. ఇట్లా ఏరినవి ఏటా కోట్ల కొలది అమ్ముడుపోతాయి. వానపాము తడిచర్మంతో ఊపిరి పీలుస్తుంది గనుక చల్లగా, తేమగా ఉంచకపోతే ఎండకు కొద్దిసేపటిలోనే చచ్చిపోతుంది.

మన పల్లెలలో వానపామును ఎర్ర అని కూడ అంటారు. అది రైతుకు మేలు చేసే జీవమని పిల్లలు బడిలోనే చదువుకుంటారు. 1881లో డార్విన్ వానపాములపై ఒక గ్రంథమే వ్రాసి వాటి సేవను లోకానికి చాటాడు. అది ఇంగ్లండు నేలను చూసి వ్రాసినది. నైట్‌క్రాలర్, శాస్త్రీయంగా లంబ్రికస్ టెరెస్ట్రిస్, ఆ ఐరోపాదే. మిన్నెసోటా వంటి ఉత్తర ప్రాంతాల కథ వేరు. మంచుయుగంలో హిమానీనదాలు అక్కడి నేలను కప్పివేశాయి. మంచు వెనుదీసి పదివేల సంవత్సరాలు దాటినా, వానపాములు తమంత తాముగా అక్కడికి తిరిగి చేరలేదు. ఆ అడవులు వానపాములు లేకుండానే పెరిగాయి. రాలిన ఆకు మెల్లగా, బూజుల వల్ల కుళ్ళుతూ, నేలమీద మెత్తని దుప్పటిలా పేరుకుంటుంది. మేపుల్ మొలకలు, అడవిపూల మొక్కలు ఆ దుప్పటిలోనే వేరుపారుతాయి, కొన్ని పక్షులు దానిలోనే గూళ్ళు కడతాయి.

వలసవచ్చినవారి మొక్కల కుండీలతోను, ఓడలలోని మట్టితోను, తరువాత గాలపువారి ఎర డబ్బాలతోను ఐరోపా వానపాములు ఈ అడవులలో ప్రవేశించాయి. మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన సిండీ హేల్, లీ ఫ్రెలిక్ మొదలైనవారు చిప్పెవా జాతీయ అరణ్యంలో చేసిన పరిశీలనలలో, వానపాములు ముందుకు ప్రాకేకొద్దీ ఆకుదుప్పటి మాయమై, క్రింది మట్టి బయటపడి, లేతమొక్కలు తగ్గిపోవడం కనబడింది. పొలంలో చేసే పనినే అవి అడవిలోనూ చేస్తున్నాయి. కాని ఆ అడవికి కావలసినది ఆ పని కాదు. వానపాములు తమంత తాముగా ఏడాదికి అయిదు నుంచి పది మీటర్లు మాత్రమే విస్తరిస్తాయి. కాబట్టి ఒక సరస్సు ఒడ్డున వానపాములు ఉండి, కొన్ని కిలోమీటర్ల అవతలి అడవిలో లేకపోతే, ఆ రెండింటి నడుమ గోడ ఏదో లేదు. వాటిని మోసుకొని పోయినవారు ఇంకా లేరు, అంతే. ఒకసారి పాకిన నేలనుంచి వాటిని తొలగించే ఉపాయం ఇంతవరకు ఎవరి చేతా కాలేదు.

అందుచేత మిగిలిన వానపాములను ఒడ్డున పారబోయవద్దనీ, మూతపెట్టి చెత్తబుట్టలో వేయాలనీ మిన్నెసోటా ప్రకృతి వనరుల శాఖ గాలపువారిని హెచ్చరిస్తున్నది. నీటిలో పారవేసినా చాలదు. మునిగిన వానపాము వెంటనే చావదు, ఒడ్డు చేరగలదు. మరుసటి వారం మళ్ళీ సరస్సుకు వచ్చేవారు డబ్బాలోని మట్టిని, చింపిన కాగితాన్ని తేమగా ఉంచి చల్లనిచోట పెట్టుకుంటే, నాలుగు నుంచి పది డిగ్రీల సెంటిగ్రేడులో అవి వారాల తరబడి బ్రతికి ఉంటాయి.